తెలివి తల్లిపాలలో ఉందా? ముందు ‘ఎవరికంటే’ అని అడగండి

“తల్లిపాలు తాగిన పిల్లలకు తెలివి ఎక్కువ” అనే మాట అందరు తల్లుల మీదా ఒకేలా పనిచేయదు. పాలు బాగా పడిన తల్లి విని సంతోషిస్తుంది, అంతటితో మరిచిపోతుంది. ఎంత ప్రయత్నించినా పాలు చాలక మూడో వారానికే డబ్బా తెరిచిన తల్లికి మాత్రం అది రాత్రి మూడింటికి సీసా కలుపుతున్నప్పుడల్లా గుర్తొచ్చే టెన్షన్. బిడ్డ కడుపు నిండుతోంది, బరువు పెరుగుతోంది. అయినా రేపు బళ్లో ఎక్కడో వెనకబడతాడేమో, ఆ తప్పు తనదే అవుతుందేమో అని లోపల గుబులు.

ఆ మాటలో ఎంత నిజముందో తేల్చడానికి పరిశోధకులు తొంభై ఏళ్లకు పైగా తంటాలు పడుతున్నారు. ఇంత చిన్న ప్రశ్నకు అంత కాలం ఎందుకు పట్టిందంటే, చిక్కంతా ‘ఎక్కువ’ అన్న మాటలో ఉంది. ఎక్కువ సరే, ఎవరికంటే? పోల్చి చూసే ఆ రెండో బిడ్డ ఎవరో మారిన ప్రతిసారీ జవాబు కూడా మారుతూ వచ్చింది.

మొదటి లెక్కల్లో ఒకటి 1929 నాటిది. హోఫర్, హార్డీ అనే పరిశోధకులు అమెరికాలో తల్లిపాలు తాగిన పిల్లల్నీ, పోతపాలు తాగిన పిల్లల్నీ పోల్చి, తల్లిపాల పిల్లలే ముందున్నారని రాశారు. తర్వాత దేశదేశాల్లో ఇలాంటివి చాలా జరిగాయి. 1999లో 20 అధ్యయనాలను కలిపి చూస్తే తేడా 5.3 ఐక్యూ (తెలివిని కొలిచే పరీక్షలో వచ్చే స్కోరు) పాయింట్లు వచ్చింది. తల్లి చదువు, ఇంటి స్థితిగతులు వంటివి లెక్కలోకి తీసుకున్నాక అది 3.2కు తగ్గింది. 2015లో ఇంకో సమీక్ష 17 అధ్యయనాలను కలిపి 3.44 అని చెప్పింది. వాటిలో తల్లి ఐక్యూను కూడా కొలిచిన అధ్యయనాలను మాత్రమే తీసుకుంటే 2.62.

ఐక్యూ సగటు 100. మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. ఆ లెక్కన మూడు పాయింట్లంటే ఒక బిడ్డ విషయంలో చాలా చిన్న తేడా. అదే బిడ్డకు అదే పరీక్ష, రాత్రి నిద్ర సరిగా లేని రోజున పెడితే అంతకంటే ఎక్కువే అటూ ఇటూ కావచ్చు. కానీ మొత్తం జనాభా సగటు మూడు పాయింట్లు జరిగితే మాత్రం కొట్టిపారేయలేం. 70 కంటే తక్కువ వచ్చేవాళ్లు లక్షకు సుమారు 2,300 మంది ఉండేచోట 1,400 మందే ఉంటారు. ప్రభుత్వాలకు ఈ సంఖ్య ముఖ్యమైనది కావడం, ఒక ఇంటికి అది దాదాపు కనిపించకపోవడం రెండూ నిజమే. ప్రచారంలో ఈ రెండూ కలిసిపోయి, జనాభా లెక్క కాస్తా ఒక్కో తల్లి నెత్తిన పడుతోంది.

అది సరే, ఆ మూడు పాయింట్లయినా పాల వల్ల వచ్చినవేనా?

సంపన్న దేశాల్లో ఎక్కువ కాలం పాలిచ్చే తల్లులు ఎవరో చూడండి. సగటున ఎక్కువ చదువుకున్నవాళ్లు, జీతంతో కూడిన సెలవు దొరికేవాళ్లు, వయసులో కాస్త పెద్దవాళ్లు, పొగ తాగనివాళ్లు. వాళ్ల పిల్లలకు పాలతో పాటు పుస్తకాలూ కబుర్లూ స్థిమితమైన ఇల్లూ అందుతాయి, తల్లిదండ్రుల జన్యువులు ఎలాగూ వస్తాయి. పదేళ్ల తర్వాత ఆ పిల్లలకు నాలుగు మార్కులు ఎక్కువొస్తే, ఆ నాలుగూ పాలవే అని ఎలా చెప్పగలం?

2006లో బ్రిటన్ పరిశోధకులు జెఫ్ డెర్, డేవిడ్ బ్యాటీ, ఇయాన్ డియరీ ఈ ముడినే పట్టుకున్నారు. అమెరికాలో 3,161 మంది తల్లులకు పుట్టిన 5,475 మంది పిల్లల వివరాలు తీసుకున్నారు. ఆ తల్లులకు కూడా పరీక్షలు జరిగి ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. ఏ సర్దుబాటూ లేకుండా చూస్తే తల్లిపాల పిల్లలకు సుమారు నాలుగు పాయింట్లు ఎక్కువ. తల్లి ఐక్యూను లెక్కలోకి తేగానే అందులో చాలా భాగం ఎగిరిపోయింది. మిగతావి కూడా కలిపాక మిగిలింది అర పాయింటు, అది కూడా కాకతాళీయమే కావచ్చన్నంత బలహీనంగా. పరీక్షలో బాగా చేసిన తల్లులే పాలిచ్చే అవకాశం ఎక్కువని కూడా తేలింది. తల్లి స్కోరు 15 పాయింట్లు ఎక్కువుంటే ఆ అవకాశం రెట్టింపు దాటింది.

వాళ్లే ఇంకో పని చేశారు. ఒకే తల్లి బిడ్డల్లో ఒకరికి తల్లిపాలు, ఇంకొకరికి పోతపాలు పట్టిన ఇళ్లను వెతికారు. అదే తల్లి, అదే ఇల్లు, అవే పుస్తకాలు. ఇక్కడ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2014లో ఇదే పద్ధతిలో అమెరికాలోనే కోలెన్, రేమీ చేసిన ఇంకా పెద్ద లెక్కలోనూ దాదాపు అదే ఫలితం.

అయితే తోబుట్టువుల పోలికను తిరుగులేనిదిగా తీసుకోకూడదు. మొదటి బిడ్డకు ఏడాదిపాటు పాలిచ్చిన తల్లి, రెండో బిడ్డకు ఎందుకు ఇవ్వలేదు? జబ్బు పడిందా, ఉద్యోగంలో చేరిందా, లేక ఆ బిడ్డే పుట్టుకతో బలహీనంగా ఉండి రొమ్ము పట్టలేదా? ఈ చివరిది ముఖ్యం. నీరసంగా పుట్టిన బిడ్డకు పాలు లాగే శక్తి ఉండదు, అందుకని సీసా పడుతుంది. అదే బిడ్డ తర్వాత చదువులో కాస్త వెనకబడితే, నింద సీసా మీదికి పోతుంది. బలహీనత ముందు, సీసా తర్వాత అన్న సంగతి లెక్కల్లో కనిపించదు.

ఇంకో దారి, పాలివ్వడానికీ డబ్బుకూ ముడి లేని చోటు వెతకడం. బ్రెజిల్‌లోని పెలోటాస్ అలాంటిదే. 1982లో ఆ నగరంలో పుట్టిన పిల్లలను సీజర్ విక్టోరా బృందం వదలకుండా గమనిస్తూ వచ్చింది. అప్పట్లో అక్కడ పేదలూ ధనికులూ దాదాపు ఒకేలా పాలిచ్చేవారు. ముప్పై ఏళ్లు నిండేసరికి 3,493 మందికి పరీక్ష పెట్టారు. ఏడాది, ఆపైన తల్లిపాలు తాగినవాళ్లకు, నెలలోపే ఆపేసినవాళ్ల కంటే 3.76 పాయింట్లు ఎక్కువ. చదువు కూడా దాదాపు ఏడాది ఎక్కువే. పాలివ్వడానికీ డబ్బుకూ ముడి లేని చోట కూడా తేడా ఉందంటే, అందులో పాల వాటా కొంత ఉండొచ్చని దీన్నిబట్టి అనిపిస్తుంది. ఒక్క లోటు, అక్కడ తల్లుల ఐక్యూ కొలవలేదు. డెర్ బృందం లెక్కలో ఎక్కువ తేడాను మింగేసింది సరిగ్గా అదే.

మరి లాటరీ తీసి తేల్చలేమా? మందుల విషయంలో చేసేది అదే. కానీ “నువ్వు పాలివ్వు, నువ్వు ఇవ్వకు” అని తల్లులకు చీటీలు పంచడం ఎవరికీ తగదు. కెనడాకు చెందిన మైఖేల్ క్రేమర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పాలు ఆపడానికి కాదు, ప్రోత్సాహానికి లాటరీ వేశారు. 1996–97లో బెలారస్‌లో 31 ప్రసూతి ఆసుపత్రులను, వాటికి అనుబంధంగా ఉన్న పిల్లల క్లినిక్కులను తీసుకున్నారు. కొన్నింటి సిబ్బందికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలి, పాలు గడ్డకడితే ఏం చేయాలి, తల్లి ఇక మానేస్తానన్నప్పుడు ఎలా సాయపడాలి, ఇలాంటివి నేర్పారు. మిగతా చోట్ల ఎప్పటిలాగే వదిలేశారు. మొత్తం 17,046 మంది పిల్లలు. అందరూ నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టినవాళ్లు, అందరికీ తల్లి పాలివ్వడం మొదలుపెట్టింది.

ప్రోత్సాహం పనిచేసింది. మూడు నెలల వయసులో కేవలం తల్లిపాల మీదే ఉన్న పిల్లలు ఆ ఆసుపత్రుల్లో 43 శాతం, మిగతా చోట్ల 6 శాతం. చదువూ డబ్బూ తల్లి ఐక్యూ అన్నీ లాటరీలో సమంగా పంచుకుపోయాయి కాబట్టి, ఇక తేడా వస్తే దాన్ని పాల ఖాతాలో వేయొచ్చు.

ఆరున్నరేళ్లకు దాదాపు 14,000 మందికి పరీక్ష పెడితే భాషకు సంబంధించిన ఐక్యూలో 7.5 పాయింట్ల తేడా వచ్చింది. మొత్తం ఐక్యూలో 5.9. 2008లో ఈ ఫలితం బయటికి రాగానే ప్రపంచమంతా మార్మోగింది. ఇంత పద్ధతిగా చేసిన ప్రయోగంలో ఇంత పెద్ద తేడా!

ఇక్కడ కాస్త ఆగి, ఆ పరీక్ష గదిలోకి తొంగిచూడాలి. పరీక్ష పెట్టింది ఆయా క్లినిక్కుల పిల్లల డాక్టర్లే. తమ క్లినిక్కు ఏ జట్టులో ఉందో వాళ్లకు తెలుసు. ఒక మాట చెప్పి “దీని అర్థమేంటి?” అని అడిగితే ఆరేళ్ల పిల్లాడు తన ధోరణిలో ఏదో చెబుతాడు. అది పూర్తిగా సరైనదా, సగం సరైనదా అన్నది పెద్దవాళ్లు తేల్చాలి. అక్కడ తెలియకుండానే చెయ్యి కాస్త ఉదారంగా పడొచ్చు. చెక్క ముక్కలను బొమ్మలో ఉన్నట్టు పేర్చే పరీక్షలో అంత వెసులుబాటు లేదు, గడియారం చూసి మార్కులు వేస్తారు. సరిగ్గా ఆ తరహా పరీక్షల్లో తేడా 2.9 పాయింట్లే, అదీ ఖాయమని చెప్పలేనిది. ఇంకొకటి, పిల్లలు వేలల్లో ఉన్నా లాటరీ వేసింది 31 చోట్లకే. అందుకే మొత్తం ఐక్యూలో తేడా మైనస్ 1 నుంచి 12.8 వరకు ఎక్కడైనా ఉండొచ్చని లెక్క చెప్పింది. పత్రికల హెడ్డింగుల్లో ఈ వెడల్పు కనిపించదు.

అదే పిల్లలకు పదహారేళ్లు వచ్చాక మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి కంప్యూటర్ మీద, ఎవరికి వాళ్లే చేసుకునేది. మార్కులు వేయడానికి మనిషి లేడు. 2018లో వచ్చిన ఫలితం: మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు, భాషకు సంబంధించిన భాగంలో మాత్రం 1.4 పాయింట్లు. చిన్నప్పటి తేడా పెద్దయ్యాక కరిగిందా, లేక మొదటిసారి కొలతే కొంచెం ఉబ్బిందా? రెండూ కొంతకొంత అని నా అనుమానం. ఏదేమైనా, పోలిక ఎంత న్యాయంగా మారితే తేడా అంత చిక్కిపోయింది. పూర్తిగా సున్నా కాలేదు గానీ, మిగిలింది చిన్నది, అది కూడా మాటల వైపు మొగ్గింది.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఈ బెలారస్ ప్రయోగం పాలకూ డబ్బాకూ మధ్య పోటీ కాదు. ఎక్కువ కాలం తాగినవాళ్లకూ తక్కువ కాలం తాగినవాళ్లకూ మధ్య పోలిక. అసలు చుక్క తల్లిపాలు కూడా తాగని బిడ్డ గురించి అది నేరుగా చెప్పేదేమీ లేదు.

జన్యువుల కథ క్లుప్తంగా. 2007లో ఒక బృందం ఎఫ్ఏడీఎస్2 అనే జన్యువు ఒక రకంగా ఉన్న పిల్లలకే తల్లిపాల వల్ల ఐక్యూ పెరుగుతుందని, ఇంకో రకంవాళ్లకు పెరగదని ప్రకటించింది. ఈ జన్యువు కొవ్వు ఆమ్లాలను తయారుచేసే పనిలో ఉంటుంది కాబట్టి కథ చక్కగా అతికింది. మూడేళ్లకే ఇంగ్లండ్ పిల్లల మీద చేసిన ఇంకా పెద్ద అధ్యయనంలో, ఏ రకానికి లాభం లేదన్నారో ఆ పిల్లలే ఎక్కువ లాభపడినట్టు తేలింది. అంత చక్కటి కథ అలా మధ్యలోనే ఆగిపోయింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి వేరు, దీన్ని పైవాటితో కలపకూడదు. 1992లో అలన్ లూకాస్ బృందం ఇంగ్లండ్‌లో అలాంటి 300 మంది పిల్లలను ఎనిమిదేళ్ల వయసు దగ్గర పరీక్షించి, తల్లిపాలు అందినవాళ్లకు 8.3 పాయింట్లు ఎక్కువని చెప్పింది. ఆ పాలు గొట్టం ద్వారా పట్టినవి. అంటే ఒడి వెచ్చదనమో, రొమ్ము దగ్గరి స్పర్శో కారణం అనడానికి వీల్లేదు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉంది. పాలివ్వాలని గట్టిగా అనుకుని, పాలు రాక ఇవ్వలేకపోయిన తల్లుల పిల్లలకు వచ్చిన స్కోరు, అసలు వద్దనుకున్న తల్లుల పిల్లల స్కోరుతో సమానంగా ఉంది. ఇవ్వాలనుకునే తల్లి మనస్తత్వమే కారణమైతే అలా జరగకూడదు.

నెలలు నిండని బిడ్డల్లో పాలు పనిచేసే దారులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. వాళ్ల పేగులు కుళ్లిపోయే ఒక ప్రాణాంతకమైన జబ్బును తల్లిపాలు తగ్గిస్తాయి. ఆ జబ్బు వచ్చి బతికిన పిల్లల్లో మెదడు ఎదుగుదల దెబ్బతినడం ఎక్కువ. రెండోది డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం. మెదడులోనూ కంటిపొరలోనూ ఉండే ఈ పదార్థాన్ని బిడ్డ ఎక్కువగా కూడబెట్టుకునేది గర్భంలో చివరి మూడు నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డకు ఆ కోటా అందదు. 29 వారాల లోపే పుట్టిన పిల్లలకు డీహెచ్ఏ అదనంగా ఇచ్చి చూసిన ప్రయోగంలో, అయిదేళ్ల వయసుకు సగటు ఐక్యూ 95.4 ఉంది. ఇవ్వనివాళ్లకు 91.9.

నెలలు నిండి పుట్టిన బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఇదే డీహెచ్ఏ చప్పబడిపోతుంది. తల్లిపాలలో అది ఉన్న మాట నిజమే, కొవ్వు ఆమ్లాల్లో సగటున 0.3 శాతం వరకు, తల్లి తినే తిండిని బట్టి మారుతూ. దాన్ని డబ్బాపాలలో కలిపి ‘మెదడుకు మంచిది’ అని అట్ట మీద రాస్తున్నారు కూడా. కానీ నెలలు నిండిన పిల్లల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన సమీక్షల్లో నిలకడైన లాభం దొరకలేదు. ఇంగ్లండ్‌లో పాత డబ్బాపాల ప్రయోగాల్లో పాల్గొన్న పిల్లలను వెతికి, వాళ్ల బడి పరీక్షల మార్కులతో పోల్చి 2021లో ఫలితాలు ప్రకటించారు. రకరకాలుగా ‘మెరుగుపరిచిన’ డబ్బాలు తాగినవాళ్లకు పరీక్షల్లో ఒరిగిందేమీ లేదు. తల్లిపాలు ఒక్క పదార్థం కాదు. ఒక పదార్థాన్ని ఏరి డబ్బాలో వేస్తే తల్లిపాల ఫలితం మొత్తం దానితో వచ్చేస్తుందనుకోవడం కంపెనీల లెక్క.

ఇంతవరకు చెప్పుకున్నవి ఒకటి, రెండు, మూడు పాయింట్ల ముచ్చట్లు. పసితనంలో తిండి వల్ల మెదడుకు నిజంగా పెద్ద దెబ్బ తగిలే చోటు వేరే ఉంది. పాలు ఎక్కడివి అన్నదాని కంటే వాటిలో ఏది లేకుండా పోయింది అన్నదే అక్కడ తేలుస్తుంది.

2003లో ఇజ్రాయెల్‌లో ఒక సోయా డబ్బాపాల తయారీలో థయమిన్, అంటే బి1 విటమిన్, కలవకుండా పోయింది. కొందరు పసిపిల్లలు చనిపోయారు, కొందరికి నరాల జబ్బు వచ్చింది. ఆ పాలు తాగినా అప్పట్లో ఏ లక్షణమూ కనబడని పిల్లలు కూడా ఉన్నారు. ఏళ్ల తర్వాత అలాంటి 59 మందిని పరీక్షిస్తే 57 మందికి భాషలో లోపం ఉంది. వాక్యం అల్లుకోవడంలో, మాట గుర్తుతెచ్చుకోవడంలో ఇబ్బంది. కొన్ని నెలల పాటు ఒక్క విటమిన్ అందకపోవడం వల్ల ఇంత జరిగింది.

ఇది డబ్బా మీద ఫిర్యాదు కాదు. తల్లికి బి12 లోపం ఉంటే ఆమె పాలలోనూ అది తక్కువే ఉంటుంది. కేవలం తల్లిపాల మీదే ఉన్న అలాంటి బిడ్డ నాలుగైదు నెలల వరకు బాగానే ఉండి, తర్వాత నవ్వడం తగ్గించి, నిలబెట్టిన మెడ మళ్లీ వాల్చేస్తుంది. జంతు సంబంధమైన ఆహారం అసలు తీసుకోకుండా, మాత్రలు కూడా వాడని తల్లుల పిల్లల్లో డాక్టర్లు దీన్ని చూస్తుంటారు. వెంటనే కనిపెట్టి బి12 ఇస్తే చాలామంది తేరుకుంటారు. ఆలస్యమైతే కొంత లోటు మిగిలిపోతుంది. అయోడిన్ కూడా అంతే, తల్లికి లేకపోతే పాలలో ఉండదు. తీవ్రమైన అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల మీద వచ్చిన సమీక్షల్లో 12, 13 ఐక్యూ పాయింట్ల తేడా కనిపించింది. (ఆ పోలికల్లోనూ పేదరికం కలిసే ఉంటుందని చెప్పాలి. ‘ఎవరికంటే?’ అన్న ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.)

ఇనుముది ఇంకో రకం చిక్కు. తల్లిపాలలో ఇనుము చాలా కొద్దిగా ఉంటుంది. బిడ్డ పుట్టేటప్పుడే తెచ్చుకున్న నిల్వతో నాలుగు నుంచి ఆరు నెలలు గడుస్తుంది. బొడ్డుతాడును పుట్టిన వెంటనే కాకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగి కత్తిరించమనేది ఈ నిల్వ పెరగడానికే. ఆరో నెల దాటాక ఇనుము ఉన్న తిండి మొదలుపెట్టకుండా “పాలు సరిపోతున్నాయిలే” అని లాగిస్తే, రక్తహీనత మొదలయ్యే కాలమూ మెదడు వేగంగా పెరిగే కాలమూ ఒకటవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల వరకు తల్లిపాలు మాత్రమే, తర్వాత వాటితో పాటు ఇతర ఆహారం, రెండేళ్లు ఆపైన కూడా పాలు అని చెబుతుంది. మొదటి సగం అందరి నోటా వినిపిస్తుంది. ‘వాటితో పాటు’ అన్న దగ్గర మాత్రం చాలామంది ఆగిపోతారు.

ఆ ‘వాటితో పాటు’ ఎంత దూరం పోతుందో గ్వాటెమాలాలో చూశారు. 1969 నుంచి 1977 వరకు నాలుగు పల్లెల్లో జరిగిన ప్రయోగం అది. రెండు పల్లెల్లో ప్రొటీన్ ఉన్న చిక్కటి జావ, మిగతా రెండింటిలో ప్రొటీన్ లేని పలచటి తీపి పానీయం పంచారు. ఆ పిల్లలు పెద్దయ్యాక లెక్క తీస్తే, రెండేళ్ల లోపు చిక్కటి జావ అందిన మగవాళ్ల గంట సంపాదన 46 శాతం ఎక్కువ ఉంది. పాలు మానేసి కాదు, పాల మీద కలిపి తాగిన జావ అది.

కాబట్టి పాలు పడిన తల్లి హాయిగా ఇవ్వచ్చు. విరేచనాలు, చెవి నొప్పులు, శ్వాస జబ్బులు తగ్గుతాయి, తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. ఇవి ఐక్యూ కంటే చాలా గట్టి కారణాలు. ఇంత గట్టి కారణాలు చేతిలో ఉండగా, బలహీనమైన ఐక్యూ వాదాన్ని పోస్టర్ మీద పెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. పైగా ఆ పోస్టర్‌కు ఒక అపాయం కూడా ఉంది. మొదటి వారంలో పాలు చాలకపోయినా “డబ్బా పడితే తెలివి పోతుంది” అన్న భయంతో బిడ్డను పస్తు పెడితే ఒంట్లో నీరు తగ్గి ఉప్పు పెరుగుతుంది, చక్కెర పడిపోతుంది. ఈ రెండూ మెదడుకు నిజంగా చేటు చేసేవి. పుట్టిన బరువులో పదో వంతు తగ్గినా, తడిపే గుడ్డల లెక్క పడిపోయినా, పాలు తాగకుండా మగతగా పడుకుంటున్నా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

డబ్బా తప్పనప్పుడు కూడా జాగ్రత్త పడాల్సింది కలిపే దగ్గరే. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని నీళ్లు పెంచితే బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. బలం రావాలని పొడి పెంచితే మూత్రపిండాల మీద భారం. ముందు కొలిచిన నీళ్లు, తర్వాత ఆ డబ్బాతో వచ్చిన చెంచాతోనే, అంచు దగ్గర సమంగా గీసిన పొడి. ఒక డబ్బా చెంచా ఇంకో డబ్బాకు పనికిరాదు. రాత్రి మూడింటికి నిద్రమత్తులో ఎన్ని చెంచాలు వేశామో లెక్క తప్పితే, ఆ సీసా పారబోసి మళ్లీ కలపడమే.